కొత్త బ్యాటరీ వేసినా చార్జింగ్ ఎక్కని ల్యాప్‌టాప్: ఒక కేస్ స్టడీ

వచ్చిన కంప్లయింట్లు రెండు. చార్జర్ పెట్టినా బ్యాటరీ 23 శాతం దగ్గరే నిలబడిపోతోంది, ఒక్క పాయింటు కూడా ఎక్కడం లేదు. రెండోది, మెషిన్ బాగా స్లో అయింది. ఒక పీడీఎఫ్ తెరిచి ప్రింట్ ఇచ్చేలోపు గిరాకీ పక్క షాపుకు పోతోంది. తెచ్చినాయన నర్సంపేట వైపు ఒక మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాడు. ల్యాప్‌టాప్ 15 అంగుళాలది, ఎనిమిదో తరం ఐ5, మూడు సెల్స్ ఉన్న 42 వాట్ అవర్ బ్యాటరీ, 65 వాట్ల సన్నపిన్ను చార్జర్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

మా దగ్గరికి రాకముందే దీని వైద్యం ఒక చోట జరిగింది. ముందు బ్యాటరీ మార్చారు. ఎక్కలేదు. స్లో గురించి అడిగితే హార్డ్ డిస్క్ పోతోంది, ఎస్ఎస్‌డీ వేయాలన్నారు. చివరికి చార్జింగ్ ఐసీ పోయింది, బోర్డు మార్చాల్సిందే, తొమ్మిది వేలు అవుతుందన్నారు. హనుమకొండలో ఇంకొకరికి చూపించాకే బోర్డు సంగతి చూద్దామని మా రిపేరు షాపుకు వచ్చాడు.

“అన్నా, కొత్త బ్యాటరీ ఏసినంక గూడ ఎక్కుతలేదంటే ఇగ బోర్డే పోయినట్టు గదా?”

“పాత బ్యాటరీ ఏది తమ్ముడూ?”

“ఇంట్లనే ఉంది. వాళ్లు మా దగ్గరనే ఉంచుమన్నరు, నేనే అడిగి తీసుకున్న.”

పాత బ్యాటరీ ఇంటికి తెచ్చుకోవడం ఆ కుర్రాడు చేసిన మంచి పని. మర్నాడు అది కూడా తెప్పించాను. పాతదీ 23 దగ్గరే ఉంది, కొత్తదీ కొన్నప్పుడున్న శాతం దగ్గరే ఉంది. వేరువేరు చోట్ల తయారైన రెండు బ్యాటరీలకు ఒకే రోగం రావడం అరుదు. కాబట్టి బ్యాటరీని పక్కన పెట్టి మిగతా దారి వెతకాలి.

ఆ దారి ఎలా ఉంటుందో ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే తొందరపాటు రిపేర్లన్నీ ఇక్కడే దారి తప్పుతాయి. చార్జర్ నుంచి వచ్చే 19.5 వోల్టులు నేరుగా బ్యాటరీలోకి పోవు. మధ్యలో బోర్డు మీద ఒక చార్జర్ చిప్ ఉంటుంది, చార్జింగ్ ఐసీ అనేది దీన్నే. దానికి ముందూ వెనకా మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటుకు స్విచ్చుల్లా పనిచేసే పార్టులు ఉంటాయి. వీటన్నిటి మీద పెత్తనం ఎంబెడెడ్ కంట్రోలర్ అనే ఇంకో చిప్‌ది. మేం ఈసీ అంటాం. బ్యాటరీలో కూడా ఒక చిన్న బోర్డు ఉంటుంది. అది తన వోల్టేజీ, వేడి, తనకు ఎంత కరెంటు కావాలో రెండు సన్నటి తీగల మీద ఈసీకి చెబుతూ ఉంటుంది. ఈసీ అన్నీ చూసుకుని సరే అంటేనే చార్జర్ చిప్ తలుపు తీస్తుంది. బ్యాటరీ జవాబివ్వకపోయినా, వేడి ఎక్కువైనా, పరిమితి దాటినా, పెట్టిన చార్జర్ ఎన్ని వాట్లదో తెలియకపోయినా ఈసీ ఒప్పుకోదు. అందుకే చార్జింగ్ ఎక్కని ల్యాప్‌టాప్ వస్తే ఏం చెడింది అని మొదలుపెట్టను. ఎవరు వద్దంటున్నారు అని మొదలుపెడతాను.

మొదటి మెట్టు సులువైనవి. కొన్ని కంపెనీలు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఇస్తాయి. అది ఆన్‌లో ఉందని తెలియక షాపుకు తెచ్చేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోను, సెట్టింగ్ చూపించి పంపిస్తాను. 23 దగ్గర ఆగడానికి అది కారణం కాదు. తర్వాత చార్జర్ పీకేసి, బ్యాటరీ కనెక్టర్ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకున్నాం. ఈసీ ఎక్కడైనా ఇరుక్కుపోయి ఉంటే ఇంతతో తేరుకుంటుంది. ఇక్కడ ఫలితం లేదు.

డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమనే వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలు. దాని మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, చార్జర్ పెట్టి అరగంట వదలండి. ఆపేసి ఉన్నప్పుడు కూడా ఎక్కకపోతే విండోస్‌కు దీనితో సంబంధం లేదు. చార్జింగ్ నడిపేది ఈసీ, విండోస్ అంకె చూపిస్తుంది, అంతే. ఈ మెషిన్ ఆపి ఉన్నప్పుడు కూడా ఎక్కలేదు. డ్రైవర్ జోలికి పోలేదు.

స్లో సంగతి చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాను. అక్కడ దొరికింది మొదటి గట్టి ఆధారం. ప్రాసెసర్ స్పీడు 0.79 గిగాహెర్ట్జ్. ఏం తెరిచినా, ఎంత పని ఇచ్చినా అదే అంకె. ఈ తరం ఐ5 పని పడితే మూడు దాటాలి. హార్డ్ డిస్క్ పోతే డిస్క్ అంకె వందకు పోతుంది గానీ ప్రాసెసర్‌కు ఇలా కళ్లెం పడదు. ఎవరో కావాలనే దాన్ని పట్టి ఉంచారు. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే స్పీడు వెంటనే పెరిగింది. చార్జర్ పెడితే స్లో, తీస్తే ఫాస్ట్. అంటే రెండు కంప్లయింట్లు కావు ఇవి, ఒకటే.

రీస్టార్ట్ చేసి ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల పేజీలోకి పోయాను. బ్యాటరీ పేజీలో బ్యాటరీ హెల్త్ బాగానే చూపిస్తోంది. దాని కిందే ఇంకో గడి ఉంటుంది, ఏసీ అడాప్టర్ అని. 65 వాట్లు అని ఉండాల్సిన చోట అన్‌నోన్ అని ఉంది. మామూలుగా ఇలాంటప్పుడు ల్యాప్‌టాప్ ఊరుకోదు. ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదు, బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు, స్పీడు తగ్గిస్తున్నాం అని నల్ల తెర మీద రాసి మరీ చెబుతుంది. ఇక్కడ ఆ మెసేజ్ రావడం లేదు. బయోస్‌లో ఇంకాస్త కిందికి పోతే అడాప్టర్ వార్నింగ్స్ అనే టిక్కు తీసేసి ఉంది.

“మొదట్ల ఆన్ జేస్తే ఏదో ఇంగ్లీష్‌ల వచ్చేది అన్నా. వాళ్ల దగ్గర సూపెట్టినంక వస్తలేదు. బాగయిందనుకున్న.”

రోగం ఏమిటో రోగే నోరు తెరిచి చెబుతుంటే ఆ నోరు మూశారు. ఎవరు చేశారన్న తగువు నాకొద్దు. టిక్కు మళ్లీ పెట్టాను, మెసేజ్ మళ్లీ వచ్చింది. ఇకనుంచి పని సులువు.

ఈ చార్జర్ల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తగా పని నేర్చుకునే పిల్లలు ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. మామూలు చార్జర్ పిన్నులో రెండే భాగాలు: ప్లస్, మైనస్. ఈ రకంలో మూడు. బయటి రేకు గొట్టం గ్రౌండ్. లోపలి గొట్టానికి 19.5 వోల్టులు. నట్టనడుమ సూదిలాంటి మూడో పిన్ను. దానిలో కరెంటు పారదు, కబురు పోతుంది. చార్జర్ డబ్బాలో ఒక బుల్లి మెమరీ చిప్ ఉంటుంది. నేను 65 వాట్లు, 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అన్న వివరం అందులో రాసి ఉంటుంది. పిన్ను పెట్టగానే ఈసీ ఆ ఒంటి తీగ మీద చిప్‌ను పలకరించి వివరం చదువుకుంటుంది. చదవలేకపోతే పెట్టింది చిన్న చార్జరేమో, అంతా లాగితే కాలిపోతుందేమో అని జాగ్రత్త పడుతుంది. మెషిన్ నడవడానికి సరిపడా తీసుకుంటుంది, ప్రాసెసర్‌ను నేలకు తొక్కుతుంది, బ్యాటరీకి మాత్రం చుక్క కూడా పోనివ్వదు.

కాబట్టి మీటరు పెట్టి చార్జర్ 19.6 వోల్టులు చూపించింది, బాగుంది అనుకోవడం ఇలాంటి మోడళ్లలో సగం పరీక్షే. ఈ కుర్రాడి చార్జర్ కూడా 19.6 చూపించింది.

పిన్నును లెన్స్ కింద పెట్టి చూశాను. ఇది మెషిన్‌తో వచ్చిన చార్జర్ కాదు, మధ్యలో కొన్న కంపాటిబుల్, అంటే వేరేవాళ్లు చేసిన నమూనా. నడుమ సూది నిటారుగా లేదు. ఒక పక్కకు వంగి లోపలి గొట్టం అంచుకు ఆనుకుని ఉంది, ఆనిన చోట చిన్న నల్ల మచ్చ. లోపలి గొట్టం అంటే 19.5 వోల్టులు. మూడు నాలుగు వోల్టులకు మించి ఎరగని కబురు తీగ మీద పూర్తి చార్జర్ వోల్టేజీ పడిందన్నమాట. ఎలా వంగిందో అడిగితే కౌంటర్ కింద ప్లగ్గు, కస్టమర్ల కాళ్లు తగిలి వైరు లాగుతూ ఉంటుందని చెప్పాడు.

షాపులో ఉంచుకునే ఒరిజినల్ 65 వాట్ల చార్జర్ పెట్టాను. బయోస్‌లో ఇప్పుడు కూడా అన్‌నోన్. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు: బ్యాటరీ మార్చాం, చార్జర్ మార్చాం, ఇక బోర్డే. బోర్డు మాట నిజమే, కానీ బోర్డులో ఎక్కడ? మంచి చార్జర్‌ను గుర్తించలేదంటే తప్పు జాక్ నుంచి ఈసీ దాకా ఉన్న ఆ ఒక్క గీతలోనే ఉంది. చార్జింగ్ ఐసీ మీద అనుమానానికి ఇంకా ఆధారమే లేదు. ఆర్డరే రానివాడు పని చేయలేదని తిట్టడం ఎందుకు?

బ్యాక్ కవర్ తీశాను. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి, ఆ తర్వాతే మీటరు. బ్యాటరీ తగిలించి ఉండగా కొలతలు తీస్తే ప్రోబ్ ఒక్కసారి జారినా కొత్త రిపేరు తయారవుతుంది. ఈ మోడల్లో డీసీ జాక్ బోర్డుకు అతికి ఉండదు, చిన్న వైరు ముక్కతో విడిగా వస్తుంది. అందులో లావు తీగలు ప్లస్సూ మైనస్సూ, సన్నటి ఒంటి తీగ కబురుది. జాక్ లోపలి సూది నుంచి కనెక్టర్ దాకా తీగ తెగిందేమో చూశాను. బీప్ వచ్చింది, తీగ బాగుంది. తర్వాత జాక్ కూడా పీకేసి, బోర్డు వైపు కనెక్టర్‌లో అదే కాలు నుంచి గ్రౌండ్‌కు కొలిచాను. 4 ఓములు.

కబురు తీగకు గ్రౌండ్‌తో 4 ఓములు ఉండకూడదు. అక్కడ కిలో ఓముల్లో అంకె రావాలి. అంటే గీత మీద ఏదో షార్ట్. కనెక్టర్ నుంచి బయల్దేరిన గీత మొదట ఫెర్రైట్ బీడ్ అనే గోల ఆపే చిన్న పార్టును దాటుతుంది, దాని పక్కనే స్టాటిక్ కరెంటు నుంచి కాపాడే డయోడ్, ఆ తర్వాత ఎఫ్‌డీవీ301ఎన్ రకం చిన్న మాస్‌ఫెట్, దాని అవతల గీతను 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్, ఈసీ కాలు. ఈ మూడు పిన్నుల చార్జర్లు వాడే బోర్డుల్లో కాస్త అటూఇటూగా ఇదే వరస కనిపిస్తుంది. షార్ట్ డయోడ్ దగ్గరిదా, ఇంకా లోపలిదా తేల్చాలి. చుట్టూ వేడికి ఓర్చే కాప్టన్ టేప్ అంటించి, ఫ్లక్స్ పెట్టి, హాట్ ఎయిర్‌తో డయోడ్ లేపాను. బియ్యపు నూకంత ఉంటుంది అది, ట్వీజర్‌లో పట్టుకుంటే ఉందో లేదో తెలియదు. లేవగానే కొలిస్తే షార్ట్ పోయింది.

జాక్, బ్యాటరీ పెట్టి ఆన్ చేశాను. ఇంకా అన్‌నోనే. డయోడ్ దొరకగానే పండగ చేసుకుంటే ఇక్కడ నిరుత్సాహమే. కానీ షార్ట్ అయ్యేంత వోల్టేజీ పడినప్పుడు డయోడ్ ఒక్కటే పోయి ఆగడం తక్కువ. మళ్లీ కొలతలు: ఈసీ వైపు 3.3 వోల్టులు నిలకడగా ఉన్నాయి. మాస్‌ఫెట్ దాటి జాక్ వైపు వస్తే సున్నా. మాస్‌ఫెట్‌ను తెరిచే కాలు, అంటే గేట్ మీద వోల్టేజీ ఉంది, అంటే తెరిచి ఉండాల్సిన మాస్‌ఫెట్ తెరుచుకోవడం లేదు. లోపల తెగిపోయింది. ఒక రకంగా ఇది మంచి వార్త: ఆ మాస్‌ఫెట్‌ను అక్కడ పెట్టిందే ఈసీ మీదికి ఎక్కువ వోల్టేజీ పోకుండా. అది తన పని చేసి పోయింది, ఈసీ బతికింది. ఈసీ పోయి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది, తొమ్మిది వేల మాట అప్పుడు అబద్ధం కాకపోయేది.

పార్టుల కోసం ఉంచుకున్న, మూలన పడి ఉన్న డోనర్ బోర్డు నుంచి అదే మాస్‌ఫెట్, అదే డయోడ్ తీసి వేశాను. డయోడ్ లేకున్నా మెషిన్ గుర్తిస్తుంది, చాలామంది దాన్ని వేయకుండానే ఇచ్చేస్తారు. నేను వేస్తాను. కాళ్లు, చేతులు, వైర్లు తగిలే జిరాక్స్ షాపులో రేపు మళ్లీ ఏదైనా పడితే ఆ దెబ్బ తినడానికి అక్కడ ఒకటి ఉండాలి.

ఈసారి బయోస్‌లో 65 వాట్లు. విండోస్ తెరిస్తే బ్యాటరీ గుర్తు మీద మెరుపు. చార్జర్‌కు వరసలో పెట్టిన వాట్ మీటరు పదిహేను, పద్దెనిమిది మధ్య తిరుగుతున్నది 50 దాటింది. ప్రాసెసర్ మూడు గిగాహెర్ట్జ్ పైకి పోయింది. ఎస్ఎస్‌డీ లేకుండానే స్లో పోయింది.

తిరిగి ఇచ్చే ముందు తేలాల్సినవి రెండు. ఆ వంగిన చార్జర్ ఇంటికి పోకూడదు. అది మళ్లీ పెడితే వేసిన రెండు పార్టులూ మళ్లీ పోతాయి, రిపేరు నిలవలేదన్న పేరు నాకు వస్తుంది. పిన్ను సరిచేసి ఇవ్వమని అడిగాడు. ఒకసారి వంగిన సూది వేళ్లాడుతూనే ఉంటుంది, ఒప్పుకోలేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ పార్టుల బజారు సీటీసీలో తెలిసిన వాళ్ల నుంచి ఒరిజినల్ చార్జర్ ఆర్టీసీ కార్గోలో తెప్పించాను. పాతదాని పిన్ను కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి చేతిలో పెట్టాను, కోపమొస్తే రానీ అని.

రెండోది, ఏ బ్యాటరీ ఉంచాలి? కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని రాస్తే విండోస్ ఒక రిపోర్టు ఫైలు తయారుచేస్తుంది. పాత బ్యాటరీ డిజైన్ కెపాసిటీ 42,002 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండితే పట్టేది 28,740. అంటే 68 శాతం. ముసలిదే గానీ మంచాన పడలేదు. కొత్తది డిజైన్ 42,000, నిండితే పట్టేది 42,000, ఎక్కించి దించిన సైకిళ్లు సున్నా. ఇంత గుండుగా వచ్చే అంకెలు నన్ను భయపెడతాయి. నిజమైన సెల్స్ అంత నిక్కచ్చిగా కొలవబడవు. ఫ్యాక్టరీలో ఎవరో రాసిపెట్టిన అంకె అది. రెండింటినీ నిండా ఎక్కించి, ఒకే వీడియో పెట్టి దింపాను. పాతది చెప్పిన మాట మీద నిలబడి చివరిదాకా దిగింది. కొత్తది 19 శాతం చూపిస్తూనే టప్పున ఆగిపోయింది. పాతదే బిగించాను.

“మరి కొత్తదేం జెయ్యాలె అన్నా?”

“కొన్నచోటికే పట్టుకపో. ఈ రిపోర్టు ప్రింట్ తీసుకో, చూపించు.”

ఇదే కంప్లయింట్‌తో వచ్చే మిగతా మెషిన్లలో ఎవరు వద్దంటారో కూడా కొంచెం చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చే వాటిలో చాలావరకు వేడే కారణం. లిథియం సెల్స్‌ను సున్నా నుంచి 45 డిగ్రీల మధ్యే ఎక్కించాలన్నది మామూలు లెక్క. బయట ఎండే 45 ఉన్న రోజు పరుపు మీద పెట్టుకుని వాడితే సెల్స్ ఆ గీత దాటతాయి, బ్యాటరీలో వేడి కొలిచే థర్మిస్టర్ ఆ సంగతి చెబుతుంది, చార్జింగ్ ఆగుతుంది. ఏసీ ఉన్న మా షాపులోకి రాగానే ఎక్కడం మొదలవుతుంది, తెచ్చినవాళ్లు సిగ్గుపడతారు. ఫ్యాన్ దుమ్ము తీసి పంపిస్తే చాలు.

టైప్-సి మెషిన్లకు ఫోన్ చార్జర్ పెట్టి ఎక్కడం లేదనేవాళ్లు ఇంకో గుంపు. ఇక్కడ కూడా మాటామంతీ ఉంటుంది: చార్జర్ 5, 9, 15, 20 వోల్టుల్లో తను ఏవి ఇవ్వగలదో చెబుతుంది, ల్యాప్‌టాప్‌కు సాధారణంగా 20 కావాలి. కేబుల్‌కూ దీనిలో మాట ఉంది. మామూలు టైప్-సి కేబుల్ మోసేది 3 ఆంపియర్లే, అంటే 20 వోల్టుల మీద 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. వంద వాట్ల చార్జర్ కొని డబ్బాలో దొరికిన కేబుల్ తగిలించి చార్జర్‌ను తిట్టడం అన్యాయం.

నాకు నిజంగా దిగులేసేది బీరువాల్లో నెలల తరబడి పడుకున్న ల్యాప్‌టాప్‌లు. ఆన్‌లైన్ క్లాసులు అయిపోయాక అలా లోపలికి పోయినవి ఇప్పటికీ వస్తుంటాయి. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగుతుంది. సెల్ 3 వోల్టుల కిందికి పోతే చార్జర్ చిప్ భయపడుతూ సన్నటి ధారగా ఎక్కిస్తుంది. మంచి చార్జర్ పెట్టి ఓ పూట వదిలేస్తే కొన్ని తేరుకుంటాయి. ఇంకా కిందికి పోతే బ్యాటరీలోని బోర్డు తాళం వేసుకుంటుంది. ఆ తాళాన్ని బయటి సప్లై తగిలించి బలవంతంగా తీసే విద్య చాలామందికి తెలుసు, చేసి గొప్పగా చూపిస్తారు. నేను చేయను. అంత లోతుకు దిగిన సెల్‌లో రాగి రేకు కరిగి, తిరిగి ఎక్కించేటప్పుడు లోపల ముళ్లలా పేరుకుంటుంది. అది ఎప్పుడు షార్ట్ అవుతుందో చెప్పలేం. ఉబ్బిన బ్యాటరీ అయితే టెస్టింగే లేదు, తీసి పక్కన పెట్టడమే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా ముందు అదే చూస్తాను.

మన కేసు బిల్లు: బోర్డు పని, ఒరిజినల్ చార్జర్ కలిపి మూడు వేల లోపు. పాత బ్యాటరీ ఇంకో ఏడాది ఈడుస్తుంది, షాపులో ఎలాగూ చార్జర్ మీదే నడిచే మెషిన్ కాబట్టి. ఆ తర్వాత కొనాల్సి వస్తే చూసుకోమని బ్యాటరీ వెనక ఉన్న పార్ట్ నంబరు బిల్లు మీదే రాసి ఇచ్చాను. బయోస్‌లో వార్నింగ్ టిక్కు మాత్రం పెట్టే ఉంచాను. నల్ల తెర వస్తే ఎంటర్ కొట్టి దాటేయకుండా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. చార్జర్ ప్లగ్గును కౌంటర్ కింద నుంచి పైకి మార్పించుకున్నానని మొన్న ఫోన్ చేసినప్పుడు చెప్పాడు.